సగపాలు కోడి

ముళ్లదొడ్డి, గద్వాల సంస్థానం
జూలై 1938

మరదలు ఏసురత్నానికి వదినె దీనమ్మ రాసేది,

వందనాలు. నేను బతికే ఉన్నాను. ఈ ఉత్తరం చేరితే నువ్వూ బతికే ఉన్నట్టు రెండు ముక్కలు రాయి. వనపర్తి దవాఖానలో పనికని ఎండాకాలంలో పోయినదానివి, ఇప్పటికి నీ నుంచి వచ్చింది ఒకే ఒక్క కార్డు. అందులోనూ సగం జాగా ఖాళీ. కార్డు మీద ఖాళీ వదిలేంత ఉన్నవాళ్లం ఎప్పుడయ్యామో నాకు తెలియలేదు.

ఇప్పుడు రాస్తున్నది నీ కోడి సంగతి. పోయేరోజు నీ నల్లకోడిని నా చేతుల్లో పెట్టి ఏమన్నావో గుర్తుందా? "వదినె, దీన్ని సగం పాలుకు పెంచు. పిల్లలల్ల సగం నీకు, సగం నాకు" అన్నావు. ఊళ్లో అందరూ మేకలనూ కోళ్లనూ పాలుకిచ్చి పెంచుకుంటారు. సొంత వదినెకు పాలుకిచ్చిన ఆడబిడ్డను మాత్రం నిన్నే చూశాను. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు.

కోడి పొదిగింది. గద్ద ఎత్తుకుపోయినవి పోగా, పిల్లి నోట పడ్డవి పోగా ఏడు పిల్లలు మిగిలాయి. ఈకలు రాగానే పంపకం పెట్టాను. మన గుడి పెద్ద ఇస్రాయేలు తాతను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. కోడి ఇచ్చినవాళ్లదే మొదటి ఎంపిక కదా, నీ తరఫున తాత ఏరాడు, నా తరఫున నేను ఏరాను. నీకు మూడు, నాకు మూడు. చివరకు ఒక్కటి మిగిలింది. దాన్ని మొదటి నుంచీ ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

దాని ముక్కు వంకర. పై ముక్కు కుడికి తిరిగింది, కింది ముక్కు ఎడమకు తిరిగింది. నోరు మూస్తే తెరిచిన కత్తెర లాగ ఉంటుంది. పుట్టినప్పుడు బాగానే ఉంది, పెరిగినకొద్దీ వంకర కూడా పెరిగింది. పక్కింటి తిమ్మమ్మ చూసి, "గ్రహణం నాడు కోడి గుడ్ల మీద కూసున్నది. గంప మీద దర్భ ఎయ్యుమని నేను చెప్తనే ఉంటి. ఏసును నమ్మినోళ్లు నా మాట వింటరా?" అని నన్నే తిట్టింది.

తాతను అడిగితే ఆయన పాత ధర్మం చెప్పాడు. "ఒంటిపిల్ల ఇద్దరిదమ్మా. ఇద్దరు ఒక్క మాట మీదుంటెనే కొయ్యాలె, అమ్మాలె. ఒక్కరు ఒద్దన్నా అది బతుకుతది. అది ఉన్నన్ని రోజులు మీ పాలు తెగనట్టే" అన్నాడు.

కాబట్టి నీ సగాన్ని ఏం చేయాలో రాయి. నా సగం సంగతి నేను ఇంకా తేల్చుకోలేదు. మీ అన్న పోయాక ఇంట్లో ఒక ప్రాణి నా ముఖంలోకి చూడడం ఇదే మొదలు. దానికి ఆకలై చూస్తుందని నాకు తెలుసు. అయినా చూస్తుంది కదా.

నీ వదినె
దీనమ్మ


వనపర్తి
ఆగస్టు 1938

వదినెకు ఏసురత్నం వేల వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. పక్కన పట్టీలు చుడుతున్న కాంపౌండర్ జయరాజు అన్న "ఏందమ్మా, ఎవరికన్నా మగపిల్లగాడు పుట్టిండా?" అని అడిగాడు. "లేదన్నా, మా ఇంట్ల వంకరముక్కు కోడి పుట్టింది" అన్నాను.

నాకు ఇక్కడ పని చెప్పలేనంత ఉంది. తెల్లవారితే గుడ్డలు ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, మడతలు పెట్టాలి. వచ్చినవాళ్ల పుండ్లు కడగాలి. అమ్రాబాద్ అడవి నుంచి ఎలుగుబంటి గీరినవాడు వచ్చాడు, సోమశిల నుంచి కృష్ణలో పుట్టి నడిపేవాడు కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. దవాఖాన నడిపే దొరసాని నా చేతిని మెచ్చుకుంటుంది. "ఏసురత్నం కడితే పట్టీ ఊడదు" అంటుంది. నా చేతి రాత చూసి రోగుల పేర్లు కూడా నాతోనే రాయిస్తారు. ఒక గది ఇచ్చారు. పంక్తిలో పదిమందితో కూర్చుని తింటాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

కోడి సంగతి. నా సగం కూర చేసి నా పేరు మీద నువ్వే తిను. ఏ సగం నాదో ముందే తేల్చుకో. పై ముక్కు నాదైతే కుడికి తిప్పింది నేనేనంటావు, నాకు తెలుసు నీ సంగతి.

కోయడానికి నీకు చేతులు రావని కూడా తెలుసు. అందుకని ఇది చెబుతున్నాను. ఇక్కడ గ్రహణం మొర్రితో పుట్టిన పసిపిల్లలు వస్తారు. వాళ్లకు రొమ్ము పట్టడం రాదు. తలను కాస్త పైకెత్తి పట్టి చుక్కచుక్కగా పోస్తాం. కోడికీ అంతే. నేల మీద గింజలు చల్లితే దానికి అందవు. లోతైన మూకుట్లో తడిమేత పోసి పెట్టు. ముక్కుతో ఏరలేకపోయినా పారతో ఎత్తినట్టు ఎత్తుకుంటుంది.

తన కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకుందట ఒక ముసలమ్మ. నువ్వు అట్లా తయారు కాకు.

నీ అర్ధమొగుడు
ఏసురత్నం


ముళ్లదొడ్డి
అక్టోబరు 1938

ఏసురత్నం,

నీ మూకుడు ఉపాయం సగం పనిచేసింది, ఎత్తుకున్నదాంట్లో సగం పక్కకు జారిపోతుంది. అన్నీ మనకు సగమే పనిచేస్తాయి కాబట్టి దానికి సగమ్మ అని పేరు పెట్టాను. అది పెట్ట. తాత పేరు విని, "కోడికి బాప్తిస్మం గిట్ల అడుగుతవా ఏంది?" అన్నాడు.

ఒక సంగతి రాయాలి. మొదట్లో నేను మోసపోయాను. గింజలు చల్లితే సగమ్మ కూడా మందతో కలిసి పరుగెత్తేది. అందరితో పాటు తల వంచేది, టకటకా పొడిచేది. చూసి, పరవాలేదు, తింటున్నదిలే అనుకున్నాను. ఒకరోజు చేతిలోకి తీసుకుంటే ఎండుటాకంత బరువుంది. గొంతు కింద మేతసంచి తడిమి చూస్తే ఒక్క గింజ లేదు. తిన్నట్టు పొడవడమే గాని నోట్లోకి పోయింది ఏమీ లేదు. మందలో ఒకటిగా కనబడాలని అట్లా చేసేదో, నిజంగానే అందుతుందని ఆశపడేదో నాకు తెలియదు. నాకు చాలా ఏడుపు వచ్చింది.

అప్పటి నుంచి జొన్న గట్క మెత్తగా పిసికి, చిటికెడు చిటికెడు ముద్దలు చేసి, నోరు తెరిచి నేనే పెడుతున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కోడి తన ఈకలు తన ముక్కుతోనే దువ్వుకోవాలి కదా, దీనికి ఆ యోగం లేదు. ఒంటి నిండా పేలు పడ్డాయి. బూడిదా వేపాకుపొడీ కలిపి రుద్దితే తగ్గాయి. ముక్కు మరీ పెరిగితే కత్తినూరే రాయి మీద జర అరగదీస్తాను. ఆ పని చేసిన రోజు నాతో మాట్లాడదు. ఇప్పుడు ఊళ్లో నా పేరు కోడికి గోరుముద్దలు పెట్టే దీనమ్మ.

నవ్వితే నవ్వనీ. మీ అన్న మంచాన పడ్డ ఏడాదీ గంజి పోసింది ఈ చెయ్యే. ఆయన పోయాక అన్నం వేళకు చెయ్యి ఉత్తగా ఒళ్లో పడి ఉండేది. మనిషి పోయినా చేతికి అలవాటు పోదు. సగమ్మకు పెడుతుంటే ఆ వేళ గడుస్తుంది.

ఇక అసలు సంగతి. చాలా రోజులుగా రాయాలని రాయలేదు. ఏసురత్నం, నేను ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను. పొలం పనికి పోయి వస్తాను, తలుపు తీస్తాను, ఇంట్లో ఎవరూ ఉండరు. తిమ్మమ్మ మంచిదే, కాని దీపాలవేళకు ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. ఆదివారం గుడిలో పాడబోతే గొంతు పెగల్లేదు, అన్నాళ్లుగా గట్టిగా మాట్లాడలేదు మరి. నేను నీ దగ్గరికి వచ్చి ఉండనా? గదిలో ఒక మూల చాలు. దవాఖానలో గుడ్డలుతికే పనైనా చేస్తాను. పిలవని పేరంటానికి పోకూడదని మా అమ్మ చెప్పేది. కాబట్టి నువ్వు రా అని ఒక్క మాట రాయి, చాలు. సగమ్మను కూడా గంపలో పెట్టుకుని వస్తాను.

నీ జవాబు కోసం టపా మనిషి దారి చూస్తూ
నీ వదినె దీనమ్మ


వనపర్తి
నవంబరు చివర, 1938

వదినెకు,

ఉత్తరం అందింది. ఆలస్యమైంది. పాళీ బాగలేదు, రాత అందుకే ఇట్లా ఉంది.

నువ్వు రావద్దు. గది చిన్నది. పని దొరకదు. క్రిస్మసుకు నేనూ రాలేను. ఆ కోడిని కోసుకో, నా ఒప్పుదల ఇస్తున్నాను. ఇక పాలు తెంపేయి. నీ మేలు కోరే చెబుతున్నాను.

ఏసురత్నం


ముళ్లదొడ్డి
డిసెంబరు 1938

శ్రీమతి ఏసురత్నమ్మ గారికి,

దీనమ్మ వందనాలు చేసి రాయడమేమంటే, తమరి ఉత్తరం అందింది. తమరికి తీరిక లేని సంగతి ముందే తెలియక ఇబ్బంది పెట్టినందుకు మన్నించగలరు. ఇకమీదట రావడం గురించి రాయను.

తమరి మూడు పిల్లలూ క్షేమం. నావీ క్షేమం. తల్లికోడి మళ్లీ గుడ్లు పెడుతున్నది. కోయడానికి తమరు ఒప్పుకున్నారు గాని నేను ఒప్పుకోలేదు. ఒక్కరు ఒద్దన్నా ఒంటిపిల్ల బతుకుతుంది కాబట్టి పాలు తెగలేదు. తమరికి ఇష్టమున్నా లేకున్నా ఆ సగం తమరిదే.

ఆత్మకూరు నుంచి ఒకడు జాతర మొక్కుకు కోళ్లు బేరమాడుతూ వచ్చాడు. వెనక నుంచి సగమ్మ నలుపును చూసి ముచ్చటపడి పట్టుకున్నాడు. ముఖం చూడగానే కిందికి విడిచి, "ఐబున్న కోడి అమ్మవారికి పనికిరాదు" అన్నాడు. అది వచ్చి నా కొంగు కిందికి దూరింది. ఎవరికీ పనికిరానిదానికి ఎవరి భయమూ ఉండదని ఆ రోజు తెలిసింది.

క్రిస్మసు నాడు గట్క కాకుండా అన్నం వండాను. ఇద్దరం తిన్నాం.

ఇట్లు
దీనమ్మ


వనపర్తి
ఫిబ్రవరి 1939

వదినె,

గారు అనకు. తమరు అనకు. కొట్టినట్టుంది.

నేను బాగున్నాను. కడుపునిండా తింటున్నాను. అందరూ బాగా చూస్తారు. నిన్న పప్పుచారు చేశారు, చాలా బాగుంది.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు తినిపిస్తుంటే సగమ్మ సిగ్గుపడుతుందా? మిగతా కోళ్లు చూస్తుంటే తింటుందా? నీ మీద కోపం చేస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

ఏసురత్నం


ముళ్లదొడ్డి
ఫిబ్రవరి 1939

ఏసురత్నం,

కోపంలో రాసిన గారును నీళ్లలో కలిపాను. నాకు కోపం వచ్చిన మాట నిజమే. చాలా వచ్చింది. ఏడ్చాను కూడా. అది అట్లా ఉండనీ, నువ్వు అడిగినదానికి చెబుతాను.

సిగ్గుపడింది. మొదట్లో చాలా సిగ్గుపడింది. నేను ముద్ద పట్టుకుంటే తల అటు తిప్పుకునేది. బలవంతం చేస్తే ఆ వంకర ముక్కుతోనే నా వేలు నొక్కేది. మంద దగ్గరుంటే అసలే తినేది కాదు, పోయి వాటితో కలిసి ఉత్తుత్తిగా నేలను పొడిచేది. ఆకలితో మెడ వాలిపోతున్నా సరే. అప్పుడు నేను ఒక పని చేశాను. నా కంచం తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నాను. ఒక ముద్ద నేను తిన్నాను, ఒక ముద్ద దాని ముందు పట్టాను. మళ్లీ నేను తిన్నాను. పెట్టేమనిషి కూడా తింటుంటే దానికి బెదురు పోయింది. ఇప్పుడు ఎవరు చూసినా దానికి లెక్కలేదు. నేను ఆలస్యం చేస్తే ఇంటి కడప మీద నిలబడి కొట్లాడుతుంది.

మరో ముచ్చట. సగమ్మ గుడ్డు పెట్టింది. చిన్నది, తెల్లగా, చక్కగా ఉంది. తిమ్మమ్మ తిప్పితిప్పి చూసి, "దీనికేం వంకర లేదే" అని ఆశ్చర్యపోయింది. గుడ్డుకు ఈకలు పీకేవాళ్లంటే ఇట్లాంటివాళ్లే.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. బడిలో పంతులమ్మ నీ పలక తీసి అందరికీ చూపేది, ముత్యాలని. ఈ అక్షరాలు పడుతూ లేస్తూ ఉన్నాయి. వంపులన్నీ అటువి ఇటు తిరిగాయి. పాళీ బాగలేదన్నావు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దవాఖానలో ఒక్క పాళీ దొరకలేదా? కడుపునిండిన మనిషి కడుపునిండిందని ఉత్తరంలో రాయదు ఏసురత్నం. సగమ్మ తింటున్నదిలే అనుకుని ఒకసారి మోసపోయినదాన్ని నేను.

నువ్వు ఏ చేత్తో రాస్తున్నావు?

దీనమ్మ


వనపర్తి
మార్చి 1939

దీనమ్మ గారికి, ఏసురత్నమ్మ చెప్పగా కాంపౌండర్ జయరాజు రాస్తున్నాను. ఆమె ఎట్లా చెబితే అట్లాగే రాయాలని షరతు పెట్టింది, రాస్తున్నాను.

వదినె, నేను ఎడమ చేత్తోటి రాసిన. ఇగ దాపెట్టి ఏం లాభం.

దసరా పోయినంక, నీ ఉత్తరం రాకముందే అయింది. గుడ్డలు ఉడకపెట్టే గంగాళం ఒక్కదాన్నే దించబోయిన. ఇంకొకరిని పిలువుమని అందరు చెప్తరు, నేనే ఇనలే. జారి మరుగుడు నీళ్లు కుడిచెయ్యి మీద పడ్డయి. దొరసాని బిడ్డను చూసినట్టు చూసింది, ఆమె తప్పేం లేదు. పుండు మానింది గాని ఏళ్లు అరచేతిలకు ముడుసుకొని అట్లనే అతుక్కున్నయి. బొటనవేలు జర ఆడుతది. ఇప్పుడు నాతోటి పట్టీలు కట్టిపియ్యరు. తలుపు కాడ కూసొని వచ్చినోళ్లను వరుసల పంపుత. ఎల్లగొట్టలే, గది గుంజుకోలే. అందరు మంచోళ్లే.

కాని తినుడు కష్టమైంది వదినె. కలిపెటందుకు రాదు, ముద్ద నిలువదు. ఎడమ చేత్తోటి తినే మనిషి పంక్తిల ఎట్ల కూసుంటది? పక్కనోళ్లు ఏమంటరో అని కాదు, వాళ్లేమనరు. నాకే పాణం పోతది. అందుకని అందరితోటి కూసుంట, అన్నంల ముడుసుకున్న చెయ్యి ఆడిస్త, నిండినట్టు లేస్త. అందరు పోయినంక మిగిలింది మూలకు తిరిగి ఎడమ చేత్తోటి తింట. ఒక్కొక్కనాడు ఏం మిగులదు. నీ ఉత్తరంల సగమ్మ ఉత్తుత్తిగ పొడిచే ముచ్చట చదివి, ఉత్తరం బోర్లపెట్టిన. మళ్ల నాలుగు రోజులు ముట్టలే.

ఇది రాయకు జయరాజన్నా. రాస్తున్నవా? రాయకంటే గూడ రాస్తున్నవా?

(రాస్తున్నాను. షరతు షరతే. జయరాజు.)

నువ్వొస్త అన్నప్పుడు నాకు రెక్కలొచ్చినంత సంతోషమైంది. మళ్ల భయమైంది. నువ్వు మా అన్నకు ఏడాది చేసినవ్. నీ ఒంట్లె కండ లేకుండ చేసినవ్. ఆయన పోయిన్నాడు నువ్వు గోడకానుకొని, "ఇగ నా చేతులు పనికిరావు" అన్నవు, నేను ఇన్న. గా మాట నా చెవుల ఉండె. మళ్ల నా నోటికి నీ చెయ్యి ఎట్ల అడుగుత? తోడు కోసం వచ్చినదాన్ని చాకిరికి ఎట్ల పెట్టుకుంట? అందుకే రావద్దని రాసిన. కోపం వస్తె నన్ను మరుస్తవనుకున్న. గారు అని రాసినంక తెలిసింది, నాకే తట్టుకోవస్తలేదని.

ఒక్కదాన్నే ఉన్న వదినె. పదిమందిల ఒక్కదాన్నే ఉన్న. నువ్వు రావొద్దు. వస్తె మాత్రం...

(ఇక్కడ ఆమె ఆపింది. ఏం రాయమంటారని అడిగితే ఏమీ లేదంది. గది చిన్నదన్న మాట నిజం కాదు, ఇద్దరు పడుకోవచ్చు. ఇది మాత్రం ఆమె చెప్పనిది, నేనే రాస్తున్నాను. జయరాజు.)


ముళ్లదొడ్డి
ఏప్రిల్ 1939

ఏసురత్నం,

జయరాజు అన్నకు నా వందనాలు చెప్పు. ఈ ఉత్తరం ఆయనతో చదివించుకోకు, నువ్వే చదువు. చదవడానికి చేతులక్కరలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే బయలుదేరేదాన్ని. ఊళ్లో కోళ్లకు తెగులు వచ్చి ఆగిపోయాను. మొదట తిమ్మమ్మ పుంజు మెడ మెలితిరిగి పడింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. పొద్దున మేతకు వదిలిన మంద సాయంత్రానికి గంప కిందికి రాలేదు. నీ నల్లకోడి పోయింది. నీ మూడూ పోయాయి. నా మూడూ పోయాయి. చేలగట్టున గుంట తీసి అన్నిటినీ పూడ్చాను. పలుగు పట్టిన చేతులు బొబ్బలెక్కాయి. వాకిట్లో ఈకలు తప్ప ఏమీ లేవు.

సగమ్మ బతికింది. నేల మీద అది ఏమీ ఏరదు కదా, మందతో మేతకు పోదు, ఇంట్లో నా కంచం పక్కనే దాని తిండి. తెగులు దాని దాకా రాలేదు. ఇస్రాయేలు తాత వచ్చి ఖాళీ గంపను చూసి, దాన్ని చూసి, అరుగు మీద కూర్చున్నాడు. "నీది పాయె, ఆ పిల్లది పాయె. ఇద్దరిది మిగిలింది" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకటేసారి వచ్చాయి.

ఇక నువ్వు భయపడ్డ సంగతి. ఆ రోజు చేతులు పనికిరావన్నది నిజమే. మీ అన్నకు చేసి అలసిపోయి అనలేదు. ఇక చేసేందుకు ఎవరూ లేరని అన్నాను. ఆ మాటను నువ్వు అటు అర్థం చేసుకుని ఆరునెలలు ఆకలితో కూర్చున్నావు. నేను ఇక్కడ కోడికి గోరుముద్దలు పెడుతూ కూర్చున్నాను. మనిద్దరి తెలివికి ఊరు నవ్వాలి.

పిలుపు కోసం ఇక చూడను. సగమ్మను గంపలో నీ దగ్గరికి తెస్తున్నాను, పిలవకపోయినా నా సగం కోడి వెంట నేను రావచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు. ఈస్టరు దాటిన సోమవారం గద్వాలలో రైలెక్కి వనపర్తి రోడ్డులో దిగుతాను. అక్కడ నుంచి ఏ బండి దొరికితే ఆ బండి. ఇల్లు తిమ్మమ్మ చూస్తుంది. ఆ తర్వాత నేను అక్కడే ఉండాలో, నువ్వు మీ అన్న ఇంటికి రావాలో ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం. పాలు పంచుకునేవాళ్లు ఎదురెదురుగా కూర్చోకుండా ఏదీ తెగదని తాత అన్నాడు, ఆ మాట మీదే వస్తున్నాను.

సగమ్మను రెండుగా కోయలేం. అది ఇద్దరిదీగానే ఉంటుంది. కాని నిన్న అది ఒక గుడ్డు పెట్టింది, తెగులు తర్వాత మొదటిది. దాన్ని ఉడకబెట్టి, ఉప్పు కాగితంలో కట్టి తెస్తున్నాను. గుడ్డునైతే సగం చేయొచ్చు.

ఆ రోజు పంక్తిలో అందరి నడుమా కూర్చుందాం. ముందు నా సగం నేను తింటాను. తర్వాత నీ సగం నా చేత్తో నీ నోట్లో పెడతాను. కావాలంటే వేలు కొరుకు, నాకు అలవాటే. అప్పటిదాకా ఆకలిగానే ఉండు.

వస్తున్నాను.

నీ వదినె
దీనమ్మ